ముందు ఈస్ట్ పొట్లం చదవండి

ఇంట్లో బీరు తయారుచేసుకోవాలనుకునే పాఠకుల ఉత్తరాలు ఈసారి చాలా వచ్చాయి. సగానికి పైగా అడిగింది ఒకటే: మొదటిసారి ఏ రకం కిట్టు తీసుకోవాలి? ఉద్యోగరీత్యా చాలాకాలం ప్రయోగశాలలో సూక్ష్మజీవులతో గడిపినదాన్ని కాబట్టి ఈ ప్రశ్నలంటే నాకు ప్రత్యేకమైన మక్కువ. జవాబుల్లోకి వెళ్లే ముందు ఒక్క మాట. ఇంట్లో మద్యం తయారీపై చట్టం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. బ్రిటన్‌లో 1963 నుంచి ఇంటి బీరుకు లైసెన్సు అక్కర్లేదు. అమెరికాలో 1978 నాటి సమాఖ్య చట్టం దీనికి దారి తెరిచింది. లైసెన్సు లేకుండా చుక్క కూడా తయారుచేయకూడదనే చోట్లూ ఉన్నాయి. మీరు ఉండేచోట అనుమతి ఉందని తేల్చుకున్నాకే కిట్టు జోలికి వెళ్లండి.

ప్రశ్న: మేడం, నాకు పిల్స్‌నర్ అంటే ప్రాణం. బంగారు రంగులో మెరుస్తూ, గొంతులో చల్లగా దిగే ఆ బీరు నా చేత్తో చేసుకోవాలని ఎన్నాళ్ల నుంచో కోరిక. మొదటి కిట్టుగా అదే తీసుకుంటే ఎలా ఉంటుంది? – ఒక పాఠకుడు

జవాబు: మీ కోరిక నాకు బాగా అర్థమవుతుంది. నేను మొట్టమొదట తెచ్చుకున్నదీ పిల్స్‌నర్ కిట్టే. రెండు నెలలు కాచుకుని కూర్చుని, మొదటి సీసా తీసి గ్లాసులో పోస్తే కరిగిన వెన్న వాసన గుప్పుమంది. రంగు అచ్చం మీరు చెప్పినట్టే ఉంది. తాగబోతే నాలుక మీద జిడ్డు జిడ్డుగా జారింది. చక్కెరను తిని ఆల్కహాల్‌గా మార్చే సూక్ష్మజీవి ఈస్ట్. అది తన పని ముగించకముందే చల్లగా ఉండాలి కదా అని తొందరపడి బీరును ఫ్రిజ్‌లోకి మార్చేశాను. ఆ వెన్న వాసనకు కారణం డయాసిటైల్ అనే పదార్థం. పులిసేటప్పుడు ఇది పుట్టడం సహజం. చివర్లో రెండు మూడు రోజులు 16 నుంచి 18 డిగ్రీల దగ్గర ఉంచితే ఈస్టే దాన్ని తిరిగి తినేస్తుంది. ఆ రెండు మూడు రోజులు నేను ఇవ్వలేదు.

పిల్స్‌నర్ పుట్టుక చూస్తే దాని స్వభావం తెలుస్తుంది. 1842లో బొహీమియాలోని ప్లజెన్ నగరంలో యోసెఫ్ గ్రోల్ అనే బవేరియా నిపుణుడు దాన్ని మొదట తయారుచేశాడు. ఆ ఊరి కింద రాతిలో తొలిచిన చల్లని నేలమాళిగలు ఉన్నాయి. లాగర్ జాతి ఈస్ట్‌కు ఆ చలి కావాలి. 8 నుంచి 13 డిగ్రీల మధ్య రెండు వారాలో, ఇంకా ఎక్కువో పులవాలి. ఆ తర్వాత సున్నాకు దగ్గరగా నాలుగైదు వారాలు నిలవ ఉండాలి. ఇంత చేసినా, లేత రంగు మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, ఒక్కటే వాడే బీరు కాబట్టి చిన్న పొరపాటు కూడా దాగదు. నల్లటి బీరులో కనబడని మచ్చ ఇందులో ఎత్తి చూపినట్టు కనబడుతుంది.

అందుకే ఎవరు అడిగినా నేను చెప్పేది ఇదే: డబ్బా మీది బొమ్మ, బీరు పేరు తర్వాత. ముందు లోపల ఉన్న ఈస్ట్ పొట్లం తీసి, దాని మీద రాసిన ఉష్ణోగ్రత చదవండి. మీ గది ఆ ఉష్ణోగ్రతను ఇవ్వగలదా చూడండి. బీరుకు నీరు, బార్లీ, చేదునూ వాసననూ ఇచ్చే హాప్స్ అనే తీగ పూలు మాత్రమే వాడాలని బవేరియాలో 1516లో శాసనం చేశారు. అందులో ఈస్ట్ పేరే లేదు. పని అంతా చేసేది అదే అయినా అది ప్రాణి అని అప్పట్లో ఎవరికీ తెలియదు. బీరు ఎందుకు చెడుతుందో వివరిస్తూ పాశ్చర్ 1876లో పుస్తకం రాశాడు. 1883లో కోపెన్‌హేగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్సెన్ ఒకే కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ను పెంచి చూపాడు. మీ కిట్టులోని చిన్న పొట్లం ఆ పరిశోధన ఫలమే. అంత విలువైనదాన్ని చాలామంది డబ్బా అడుగున వదిలేసి, చివరి నిమిషంలో వెతుక్కుంటారు.

ఇంకో సంగతి. డబ్బా మీద లాగర్ అని పెద్ద అక్షరాలతో ఉన్నా, లోపల గది వేడిలో పులిసే ఏల్ జాతి ఈస్ట్ పెట్టిన కిట్లు చాలా ఉన్నాయి. పొట్లం మీద 18 నుంచి 24 డిగ్రీలు అని ఉంటే అది దాదాపు తప్పకుండా ఏల్ ఈస్టే. ఇది మోసమేమీ కాదు, మామూలు గదిలో పులవాలని అలా చేస్తారు. అయితే వచ్చేది అసలైన పిల్స్‌నర్ కాదని తెలిసి తీసుకోవాలి. మీ రుచికి దగ్గరగా వచ్చేది బ్లాండ్ ఏల్. లేత రంగు, తక్కువ చేదు, శుభ్రమైన రుచి. 18 నుంచి 20 డిగ్రీల్లో పులుస్తుంది. దానితో మొదలుపెట్టి రెండుమూడు సార్లు చేయి తిరిగాక పిల్స్‌నర్ దగ్గరకు రండి. అప్పటికి ఉష్ణోగ్రత అదుపు చేసే ఫ్రిజ్ ఒకటి సమకూర్చుకుంటే మరీ మంచిది.

ప్రశ్న: మా గది ఎప్పుడూ 28 డిగ్రీలకు తగ్గదు. బీరు ఆశ వదులుకోవలసిందేనా?

జవాబు: వదులుకోవద్దు. మీకు సరిపడే ఈస్టులు ఉన్నాయి. మొదటిది క్వైక్. నార్వే పల్లెల్లో రైతులు తరతరాలుగా ఎండబెట్టి దాచుకుంటూ వచ్చిన ఈస్ట్ ఇది. 30 నుంచి 40 డిగ్రీల వేడిలోనూ హాయిగా పనిచేస్తుంది, అదీ మూడు నాలుగు రోజుల్లోనే. కొన్ని రకాలు నారింజ వాసననిస్తాయి. క్వైక్ ఉన్న పేల్ ఏల్ కిట్టు దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి.

రెండోది బెల్జియం పల్లెల సేజోన్. మిరియాల ఘాటు, పండ్ల వాసన కలిసిన, తీపి మిగలని పొడి రుచి దాని సొంతం. 25 నుంచి 30 డిగ్రీలు దానికి ఇష్టమైన వేడి. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. కొన్ని సేజోన్ ఈస్టులు మామూలు ఈస్ట్ ముట్టని పెద్ద చక్కెరలను కూడా నెమ్మదిగా విరగ్గొట్టి తింటూ పోతాయి. అయిపోయిందనుకున్నాక కూడా వారాల తరబడి పులుస్తూనే ఉంటాయి. సీసాల్లో నింపడానికి తొందరపడితే ఏమవుతుందో కింద ఇంకో జవాబులో రాశాను.

గది వేడి ఎంతో చూసుకుంటే చాలదు, పులుస్తున్న ద్రవం తనంతట తానే వేడెక్కుతుంది. గదికన్నా రెండు నుంచి ఐదు డిగ్రీలు ఎక్కువ ఉండవచ్చు. అంటే మీ 28 లోపల 32 కావచ్చు. మామూలు ఏల్ ఈస్ట్ ఆ వేడిలో ఘాటైన ఆల్కహాల్‌లను పుట్టిస్తుంది. వాటి వాసన రంగుల డబ్బా మూత తీసినట్టు ఉంటుంది. బకెట్‌ను వెడల్పాటి టబ్బులో నీళ్లు పోసి నిలబెట్టండి. చుట్టూ తడి గుడ్డ చుట్టి దాని అంచు నీళ్లలో ఉండేలా చూడండి. గడ్డకట్టించిన నీళ్ల సీసాలు రెండింటిని పొద్దున, సాయంత్రం మారుస్తూ ఉండండి. ఐదారు డిగ్రీలు దిగుతాయి. మొదటి మూడు రోజులు ఈ శ్రమ పడితే చాలు. రుచులు తేలేది ఆ మూడు రోజుల్లోనే.

ప్రశ్న: దుకాణంలో మూడు రకాల కిట్లు చూపించారు. ఒకటి చిక్కటి పాకం ఉన్న డబ్బా, ఒకటి పాకంతోపాటు గింజల సంచి, మూడోది మొత్తం గింజలే. తేడా ఏమిటి? నాకు వంటగదిలో ఓపిక తక్కువ.

జవాబు: మొదటిది మీకోసమే. అది మాల్ట్ నుంచి తీసిన పాకం, హాప్స్ చేదు కూడా అందులోనే కలిపి ఉంటుంది. సాధారణంగా 1.7 కిలోల డబ్బా. వేడినీళ్లలో కరిగించి, చల్లటి నీళ్లతో 20 నుంచి 23 లీటర్ల దాకా పెంచి, ఈస్ట్ చల్లడమే పని. గంటలో ముగుస్తుంది. అయితే దాని మీది సూచనల్లో ఒక కిలో చక్కెర కలపమని ఉంటుంది. అక్కడ నా మాట వినండి. చక్కెర మొత్తం పులిసిపోయి బీరును పలచన చేస్తుంది, నోట్లో నీళ్లలా ఉంటుంది. దాని బదులు అంతే బరువు పొడి మాల్ట్, అంటే మాల్ట్ పాకాన్ని ఎండబెట్టి చేసిన పొడి, వేయండి. అదే డబ్బా, అదే శ్రమ, కానీ గ్లాసులో తేడా మొదటి గుక్కలోనే తెలుస్తుంది.

రెండో రకం నాకు అన్నిటికన్నా ఇష్టం. గింజలను గుడ్డ సంచిలో కట్టి 65 నుంచి 70 డిగ్రీల నీళ్లలో అరగంట నానబెడతారు. తర్వాత పాకం కలిపి, హాప్స్ వేస్తూ గంటసేపు మరిగిస్తారు. ఆ గంటలో నేర్చుకునేది చాలా ఉంది. మరుగు మొదలైన క్షణంలో నురగ గిన్నె అంచు దాకా లేస్తుంది. చూపు తిప్పారంటే పొయ్యి నిండా జిగురే. హాప్స్ మొదట వేస్తే చేదు, చివర వేస్తే వాసన అన్న సంగతి చదివితే గుర్తుండదు. మొదటి పిడికెడు వేసినప్పుడు లేచిన ఘుమఘుమ గంట మరుగులో ఎగిరిపోయి, చివరి పిడికెడుతో మళ్లీ వచ్చినప్పుడు మనసులో నిలిచిపోతుంది.

మూడో రకంలో గింజల్లోని పిండిని మీరే చక్కెరగా మార్చాలి. 65 నుంచి 68 డిగ్రీల మధ్య గంటసేపు ఉంచితే మాల్ట్‌లోని ఎంజైములు ఆ పని చేస్తాయి. రెండు డిగ్రీలు పెరిగితే బీరు చిక్కగా, తగ్గితే పొడిగా వస్తుంది. 4 లీటర్ల చిన్న కిట్టయితే వంటగది గిన్నెలో చేయవచ్చు కానీ మంచి థర్మామీటరు, తీరికైన ఒక పూట కావాలి. మొదటిసారికి వద్దు.

ప్రశ్న: స్టౌట్ కిట్టు బాగుంటుందని మిత్రుడు అన్నాడు. కానీ అంత నల్లటిది చాలా ఘాటుగా ఉంటుందేమోనని భయం.

జవాబు: మీ మిత్రుడు మంచి మాట చెప్పాడు. రంగుకూ మత్తుకూ సంబంధం లేదు. డ్రై స్టౌట్‌లో ఆల్కహాల్ సాధారణంగా 4 నుంచి 5 శాతమే. లేత బంగారు రంగులో 8 శాతం దాటే బీర్లున్నాయి. ఆ నలుపు బాగా వేయించిన బార్లీ నుంచి వస్తుంది. 19 లీటర్లకు అర కిలో చాలు. 1817లో డేనియల్ వీలర్ అనే ఆయన లండన్‌లో మాల్ట్‌ను మాడిపోకుండా నల్లగా వేయించే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. పోర్టర్, స్టౌట్ నేటి నలుపుకు వచ్చింది ఆ తర్వాతే.

కొత్తవారికి స్టౌట్ ఎందుకు మేలంటే, కాఫీని పోలిన ఆ వేపుడు రుచి చిన్న లోపాలను కప్పుకుంటుంది. ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా, నీళ్లు కాస్త కఠినంగా ఉన్నా తట్టుకుంటుంది. తేటగా లేదన్న దిగులు అసలే ఉండదు. బ్రౌన్ ఏల్, పోర్టర్ కూడా ఇదే కోవలోవి. మరీ నల్లటిది వద్దనిపిస్తే బ్రౌన్ ఏల్‌తో మొదలుపెట్టండి.

ప్రశ్న: అమ్మా, గోధుమ బీరు కిట్టు తెచ్చి నిన్న కలిపాను. ఈరోజు చూస్తే మూత పైకి లేచి, గోధుమ రంగు నురగ బకెట్ పక్కలకు కారుతోంది. పైన మురికి తెట్టులాగా ఉంది. పారబోయాలా? దయచేసి త్వరగా చెప్పండి.

జవాబు: ఈ జవాబు అచ్చయ్యే సరికి మీరు తొందరపడి పారబోసి ఉండరని నా ఆశ. అది చెడిపోలేదు. ఇంతకన్నా ఆరోగ్యంగా పులవడమంటూ లేదు. పులవడం ఊపందుకున్నప్పుడు ఈస్ట్, హాప్స్ జిగురు, ప్రోటీన్లు కలిసి ఇలా నురగ కడతాయి. గోధుమలో ప్రోటీను ఎక్కువ కాబట్టి నురగా ఎక్కువే. బకెట్‌లో పైన మూడో వంతు ఖాళీ వదలాలి. మూత మీది ఎయిర్‌లాక్, అంటే లోపలి గ్యాసును బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని చిన్న పరికరం, తీసి, శుభ్రం చేసిన లావుపాటి గొట్టం పెట్టి, దాని రెండో కొన నీళ్ల గిన్నెలో ముంచండి. ఉద్ధృతి తగ్గాక మళ్లీ ఎయిర్‌లాక్ బిగించండి. మురికిగా కనబడే తెట్టు దానంతట అది కిందికి దిగి మడ్డిలో కలిసిపోతుంది.

మీ ఎంపిక బాగుంది. జర్మన్ గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసనలు వస్తాయి. వాటిని ఎవరూ విడిగా కలపరు, రెండూ ఈస్ట్ పుట్టించేవే. వేడి కాస్త పెరిగితే అరటిపండు, తగ్గితే లవంగం ముందుకు వస్తాయి. ఒకే కిట్టును రెండు సార్లు, ఒకసారి 18 డిగ్రీల్లో, ఇంకోసారి 22లో చేసి పక్కపక్కన పెట్టి వాసన చూడండి. ఈస్ట్ గురించి నేను ఇన్ని మాటల్లో చెప్పేది ఆ రెండు గ్లాసులు చెబుతాయి.

ప్రశ్న: మబ్బుగా, పండ్లరసంలా ఉండే ఐపీఏ కిట్టు?

జవాబు: ఇప్పుడే వద్దు. ఐపీఏ అంటే ఇండియా పేల్ ఏల్, హాప్స్ దండిగా ఉండే బీరు. ఆ మబ్బు రకంలో పులిసిన తర్వాత కూడా గుప్పెళ్ల కొద్దీ హాప్స్ వేస్తారు. గాలి సోకితే ఆ సువాసన వారాల్లో చచ్చిపోయి, రంగు ఊదాగోధుమకు తిరిగి, తడి అట్టపెట్టె వాసన పట్టుకుంటుంది. సీసాల్లోకి గొట్టంతో మార్చేటప్పుడు గాలి తగలకుండా చూడటం చేయి తిరిగినవారికే కష్టం. హాప్స్ వాసన కావాలంటే అమెరికన్ పేల్ ఏల్ కిట్టు తీసుకోండి. అందులో చాలాసార్లు కాస్కేడ్ హాప్స్ ఉంటాయి. 1972లో విడుదలైన ఆ రకానికి పంపరపనస తొక్క గిల్లినట్టుండే వాసన ఉంది.

ప్రశ్న: ఎయిర్‌లాక్‌లో బుడగలు ఆగిపోతే సీసాల్లో నింపేయవచ్చా?

జవాబు: వద్దు. ఇది మాత్రం పట్టుబట్టి చెబుతాను.

నా మూడో కిట్టు బ్రౌన్ ఏల్. ఆరో రోజుకు బుడగలు ఆగాయి. ఆ వారం చలి పెరిగింది, ఈస్ట్ మందగించి మధ్యలో నిద్రపోయింది. అది నాకు తెలియలేదు. కొలవకుండా పంచదార కలిపి గాజు సీసాల్లో నింపి అలమరలో పెట్టాను. పన్నెండో రోజు రాత్రి పెద్ద చప్పుడు. ఆ దెబ్బకు పక్కనున్నవి కూడా ఒకదాని వెంట ఒకటి పేలాయి. తెల్లవారి తలుపు తీసి చూస్తే చెక్క తలుపు లోపలి వైపు వేలెడు పొడవు గాజు పెంకు నిలువుగా దిగబడి ఉంది. ఆ తలుపు నేను మార్చలేదు. ఆ గాటు ఇప్పటికీ ఉంది. ముందురోజు సాయంత్రమే ఆ అలమర ముందు కూర్చుని సీసాలు లెక్కపెట్టాను.

బుడగలు ఆగడానికి చలి కారణం కావచ్చు, మూత సరిగ్గా బిగియకపోవడమూ కావచ్చు. నమ్మదగినది ద్రవం సాంద్రతను కొలిచే హైడ్రోమీటరు ఒక్కటే. కిట్టులో అది లేకపోతే విడిగా కొనండి. నీళ్లలో అది 1.000 చూపుతుంది. చక్కెర ఉన్నకొద్దీ పైకి తేలి పెద్ద అంకె చూపుతుంది. మొదటి రోజు 1.048 అనుకోండి. పులిసి 1.010కి దిగి, మూడు రోజుల తేడాతో రెండుసార్లు చూసినా అదే అంకె ఉంటే పని పూర్తయినట్టు. రెండు అంకెల తేడాను 131తో గుణిస్తే ఆల్కహాల్ శాతం, ఇక్కడ దాదాపు 5. ఆ తర్వాత లీటరుకు 6 గ్రాముల పంచదార తూకం వేసి కలపండి. చెంచాలతో కొలవకండి. బీరు కోసమే చేసిన మందపాటి గోధుమరంగు సీసాలు వాడండి. వెలుతురు తగిలితే హాప్స్ చేదు విరిగి స్కంక్ అనే జంతువు వదిలేలాంటి కంపు కొడుతుంది, ఆ రంగు దాన్ని అడ్డుకుంటుంది. రెండు వారాలు 20 డిగ్రీల దగ్గర, మూత ఉన్న పెట్టెలో ఉంచండి. మొదటి కిట్టుకు ఒకటి రెండు ప్లాస్టిక్ సీసాలు కూడా నింపుకోండి. వేలితో నొక్కితే లోపలి ఒత్తిడి తెలుస్తుంది.

ప్రశ్న: ఇంట్లో చేసిన బీరులో మిథనాల్ ఉండి చూపు పోతుందని మా ఇంట్లో భయపడుతున్నారు.

జవాబు: వారి భయానికి ఆధారం సారా వార్తలు. సారాను కాస్తారు, బీరును పులియబెడతారు. రెండూ వేర్వేరు పనులు. మిథనాల్ ముఖ్యంగా పండ్లలోని పెక్టిన్ నుంచి పుడుతుంది. బార్లీలో అది అత్యల్పం కాబట్టి బీరులో ప్రమాదకరమైనంత తయారుకాదు. విషాదాలకు కారణం చాలావరకు పారిశ్రామిక మిథనాల్ కలిపి అమ్మడం. పులియబెట్టినదాన్ని ఇంట్లో బట్టీ పెట్టి ఆవిరి పట్టే పని మాత్రం ఎవరూ తలపెట్టవద్దు.

ప్రశ్న: బ్లీచింగుతో కడిగాను. బీరు ఆసుపత్రి వాసన వస్తోంది. ఎందుకు?

జవాబు: క్లోరిన్ మిగిలిపోయింది. అది మాల్ట్‌లోని ఫినాల్‌లతో కలిస్తే ఆ వాసన పుడుతుంది. ఎంత కాలం ఉంచినా పోదు. కడగనక్కర్లేని ఆమ్ల క్రిమినాశిని వాడండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే దాన్ని పోగొట్టే క్యాంప్‌డెన్ బిళ్లలో పావు ముక్క 19 లీటర్లకు సరిపోతుంది. ప్లాస్టిక్ బకెట్‌ను పీచుతో తోమవద్దు. గీతల్లో చేరిన సూక్ష్మజీవులను ఏ మందూ అందుకోలేదు.

ప్రశ్న: కానుకగా వచ్చిన పేల్ ఏల్ కిట్టు రెండేళ్లుగా అటక మీద ఉంది. వాడవచ్చా?

జవాబు: డబ్బా ఉబ్బి ఉంటే తెరవకుండానే పారేయండి. ఉబ్బకపోతే పాకం పనికొస్తుంది, కాకపోతే రంగు ముదిరి ఉంటుంది. మీ పేల్ ఏల్ కాస్త ఎర్రగా వస్తుంది. విడిగా హాప్స్ పొట్లం ఉంటే చింపి వాసన చూడండి. పాత జున్ను వాసన వస్తే కొత్తవి తెచ్చుకోండి. ఈస్ట్‌ను మాత్రం నమ్మకండి. అటక వేడిలో రెండేళ్లు ఉన్న పొట్లంలో బతికినవి తక్కువ, బతికినవీ నీరసించి ఉంటాయి. ఫ్రిజ్‌లో నిలవ ఉంచిన ఏల్ ఈస్ట్ పొట్లం, 11 గ్రాములది, తేదీ చూసి తీసుకోండి. మీ గది వేడి ఎంతో రాయలేదు. థర్మామీటరు పెట్టి రెండు రోజులు పొద్దునా రాత్రీ రాసుకుని, ఆ కాగితంతోనే దుకాణానికి వెళ్లండి.